వార్షిక నివేదిక: ఒరిజినల్, రీమేక్ జంట ప్రదర్శనల ఏడాది

మన ఫిల్మ్ సొసైటీ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశంలో పావుగంట అనుకున్న విరామాన్ని గంట దాటించిన వాదన మీకు గుర్తుండే ఉంటుంది. యాక్షన్ థ్రిల్లర్ రీమేక్ ఏదీ ఒరిజినల్‌కి సాటి రాదని ఒక వర్గం. ఆ బాధంతా ముందే చూసినవాళ్ళది, చూడనివాళ్ళకి రీమేకే ఒరిజినల్ అని రెండో వర్గం. చివరికి అధ్యక్షులవారు విసుగెత్తి, "ఏడాదంతా జతలు జతలుగా చూడండి, ఆ తర్వాత మాట్లాడండి" అని తీర్మానం రాయించారు. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆ తీర్మానం ఏమైందో చెప్పడానికే. మిగతా వ్యవహారాలు చివర్లో ఉన్నాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా జతచేశారు.

పద్ధతి సులువే. ఒక వారం ఒరిజినల్, తర్వాతి వారం రీమేక్, అది అయిన వెంటనే చర్చ. వసూళ్ళ మాట ఎత్తకూడదని ముందే షరతు పెట్టుకున్నాం. ఆ షరతు మొదటి చర్చలోనే తప్పారు, అది వేరే సంగతి.

మొదటి జత ఆన్రీ జార్జ్ క్లూజో తీసిన ‘ది వేజెస్ ఆఫ్ ఫియర్’ (1953), విలియం ఫ్రీడ్‌కిన్ తీసిన ‘సోర్సరర్’ (1977). చమురు బావిలో మంటలు లేచాయి. వాటిని ఆర్పాలంటే పేలుడు సరుకు కావాలి. దాన్ని రెండు లారీల్లో నలుగురు మనుషులు గతుకుల దారిలో చేర్చాలి. కుదుపు గట్టిగా తగిలితే అంతే సంగతులు. క్లూజో సినిమాలో ముందు వెళ్తున్న లారీ ఒకచోట పేలిపోతుంది. ఆ పేలుడును ఆయన దగ్గరగా చూపించడు. వెనక లారీలో ఒకడు తీరిగ్గా సిగరెట్ చుట్టుకుంటుంటాడు. ఉన్నట్టుండి కాగితం మీది పొగాకు ఎవరో ఊదినట్టు ఎగిరిపోతుంది. ఆ వెంటనే మెరుపు, చప్పుడు. అంతసేపూ గుసగుసలాడుతున్న మన వెనక వరస కూడా అక్కడ నోరు మూసుకుంది. నేను కార్యదర్శి అయ్యాక ఆ వరస నిశ్శబ్దంగా ఉండటం చూడటం అదే మొదటిసారి.

ఫ్రీడ్‌కిన్ తెలివైన పని చేశాడు. పొగాకు సీన్ జోలికి పోలేదు. దాని బదులు వానలో ఊగే తాళ్ళ వంతెన పెట్టి, దాని మీదికి లారీని ఎక్కించాడు. డొమినికన్ రిపబ్లిక్‌లో వంతెన కట్టాక కింద నది ఎండిపోతే, మెక్సికో వెళ్ళి ఆ సీన్ తీశారట. లారీ ఒక పక్కకి ఒరుగుతున్నప్పుడు మనం కూడా కుర్చీలో రెండో పక్కకి ఒరుగుతాం. ‘స్టార్ వార్స్’ విడుదలైన నెలరోజులకే వచ్చి ఆ సందడిలో కొట్టుకుపోయింది కానీ, మన చర్చలో మాత్రం ఒరిజినల్ పక్కన నిలబడింది. తనది రీమేక్ కాదని, జార్జ్ ఆర్నో నవలకి మరో రూపమని ఫ్రీడ్‌కిన్ అంటూ ఉండేవాడు. ఆ మాట బడాయి కాదని సినిమా చూస్తే తెలుస్తుంది. 2024లో ఫ్రాన్స్‌లోనే ఇదే కథ మళ్ళీ తీశారు. ఇంట్లో చూసొచ్చిన సభ్యులు చెప్పిందేమిటంటే, అందులో కాల్పులు పెరిగి దారి భయం తగ్గింది. "డ్రైవరు చేతికి తుపాకీ ఇస్తే అది మామూలు లారీ అయిపోతుంది కదండీ" అని ఒక సభ్యురాలు అన్నారు. ఏడాది పొడవునా మా చర్చలన్నీ తిరిగి తిరిగి ఈ మాట దగ్గరికే వచ్చాయి.

అది ఎంత నిజమో ‘క్షణం’ (2016), దాని హిందీ రీమేక్ ‘బాఘీ 2’ (2018) చూసినప్పుడు తెలిసింది. ‘క్షణం’లో అడివి శేష్ పాత్ర అమెరికాలో ఉద్యోగం చేసుకునే కుర్రాడు. పాత ప్రియురాలు పిలిస్తే వస్తాడు. ఆమె కూతురు కనబడటం లేదు. అసలు కూతురే లేదంటున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. అతనికి అధికారం లేదు, ఆయుధం లేదు, చెప్తే నమ్మేవాళ్ళూ లేరు. ఆ లేమిలోనే కథకి ఊపిరి ఉంది. హిందీకి వెళ్ళేసరికి హీరో సైన్యంలో కమాండో. చివర్లో హెలికాప్టర్లు, అడవి, ఒంటిచేత్తో దండయాత్ర. టైగర్ ష్రాఫ్ ఒంటి విన్యాసాలకి వంక పెట్టలేం. సినిమా బాగా ఆడింది కూడా (షరతు మళ్ళీ తప్పింది). కానీ ఎంతమందినైనా కొట్టగలవాడు పాపని వెతుకుతుంటే, దొరుకుతుందా లేదా అన్న టెన్షన్ మనకెందుకు? ఎప్పుడు దొరుకుతుందా అని గడియారం చూసుకోవడం తప్ప.

‘ది టేకింగ్ ఆఫ్ పెల్హామ్ వన్ టూ త్రీ’ జతకి చర్చ రెండు గంటలు పట్టింది. న్యూయార్క్ సబ్‌వే రైలును నలుగురు హైజాక్ చేసి, గంటలో డబ్బు తెమ్మంటారు. 1974 సినిమాలో పది లక్షల డాలర్లు, 2009లో కోటి. ఇది పెరగడం సహజమే. అసలు తేడా గార్బర్ పాత్రలో ఉంది. మొదటి సినిమాలో వాల్టర్ మథావ్ ట్రాన్సిట్ పోలీసు. మైకు ముందు కూర్చుని దొంగలతో బేరమాడతాడు. దొంగల్లో ఒకడికి జలుబు. రేడియోలో తుమ్ము వినబడినప్పుడల్లా ఈయన మర్యాదగా "గెజుంట్‌హైట్" అంటాడు, మనం చిరంజీవ అన్నట్టు. అంతా అయిపోయాక అనుమానితుల ఇళ్ళు తిరుగుతూ ఒక ఇంటికి వెళ్తాడు. ఏమీ దొరకదు. బయటికొచ్చి తలుపు వేస్తుంటే లోపల ఒక తుమ్ము. ఈయనా మాట అనేసి, తలుపు మళ్ళీ తెరిచి తల లోపలికి పెట్టి చూస్తాడు. సినిమా ముగిసింది. తూటా లేదు, ఛేజ్ లేదు, ఒక్క చూపు.

టోనీ స్కాట్ రీమేక్‌ను తీసిపారేయలేం. గార్బర్‌ని రైళ్ళు నడిపించే కంట్రోల్ గది ఉద్యోగిగా మార్చాడు, లంచం తీసుకున్నాడన్న విచారణ నెత్తిన పెట్టాడు. బందీని కాపాడటానికి డెంజెల్ వాషింగ్టన్ అందరూ వింటుండగా ఆ తప్పు ఒప్పుకునే సీన్ ఒరిజినల్‌లో లేనిది, ఒరిజినల్‌కి తీసిపోనిది. అక్కడిదాకా రీమేక్‌దే పైచేయి అని నేను కూడా చెయ్యెత్తాను. కానీ చివరికొచ్చేసరికి ఆ గుమాస్తా చేతికి పిస్తోలు ఇచ్చి వంతెన మీద విలన్ వెనక పరిగెత్తించారు. ఎత్తిన చెయ్యి దించాల్సి వచ్చింది.

ఇక మన పొరపాటు. హాంకాంగ్ సినిమా ‘ఇన్‌ఫర్నల్ అఫైర్స్’ (2002), దాని రీమేక్ మార్టిన్ స్కోర్సేసీ ‘ది డిపార్టెడ్’ (2006) జతలో మొదటిదాన్ని వేసినప్పుడు, చైనా ప్రధాన భూభాగం కోసం మార్చిన ముగింపు ఉన్న ప్రతిని ప్రదర్శించాం. పోలీసుల్లో ఒక దొంగ, దొంగల్లో ఒక పోలీసు దాగి ఉండే కథ ఇది. ఆ ప్రతిలో పోలీసుల్లో దాగిన దొంగను అరెస్టు చేస్తారు. హాంకాంగ్ ప్రతిలో అతను దొరకడు. ఆ రోజు రాలేక ఇంట్లో చూసినవాళ్ళు, హాల్లో చూసినవాళ్ళు అరగంట సేపు తలోమాట చెప్పుకుని, చివరికి అబద్ధమాడుతున్నారని ఒకరినొకరు అనుకునేదాకా వెళ్ళింది. తప్పు పూర్తిగా కార్యవర్గానిదే, క్షమించాలి. తర్వాతి వారం అసలు ముగింపు వేసి చూపించాం.

ఆ పొరపాటు వల్ల ఒక మేలు జరిగింది. ముగింపు మీదే దృష్టి పడింది. ఆ సినిమా చైనీస్ పేరులో ఉన్నది అవీచి నరకం, మన పురాణాల్లోనూ వినబడే పేరే. బౌద్ధంలో అది విరామం లేని బాధకి చోటు. అంటే అక్కడ శిక్ష చావు కాదు, దొరక్కుండా బతకడం. స్కోర్సేసీ సినిమాలో చివరికి ఆ దొంగను కాల్చి చంపేస్తారు. లెక్క సరిపోయిందని ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. నాకైతే ఊపిరాడనివ్వని ముగింపే నచ్చింది. అయితే 101 నిమిషాల కథ 151 నిమిషాలైనా ఎక్కడా సాగదీసినట్టు అనిపించలేదని, అలా దాగిన ఇద్దరి పెంపకం, కులాసా, భయం రీమేక్‌లోనే బాగా తెలిశాయని సగం మంది గట్టిగా వాదించారు. కాదనలేకపోయాను. దానికి ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. ఆ వేదిక మీద ఒరిజినల్‌ను జపాన్ సినిమా అని చదివారు. పొరపాట్లు మనకొక్కరికే కాదని చెప్పడానికి రాస్తున్నాను.

ఏడాది మధ్యలో రెండో వర్గం కోరికపై వరస తిప్పాం. హిందీ రీమేక్ ‘భోళా’ (2023) ముందు, ఒరిజినల్ ‘ఖైదీ’ (2019) తర్వాత. రెండూ చూడని కొత్త సభ్యులే ఆ రోజు తీర్పరులు. ‘భోళా’ చూసి వాళ్ళు చప్పట్లు కొట్టిన మాట నిజం, ఛేజింగులు అలా ఉన్నాయి. వారం తర్వాత ‘ఖైదీ’లో లారీ నడుపుతూ కార్తి తన భార్య గురించి చెప్పే చోట మాత్రం వాళ్ళ ముఖాలు మారాయి. అక్కడ ఫ్లాష్‌బ్యాక్ లేదు, మనిషి మాటా, ముఖమూ తప్ప. హిందీలో భార్య తెర మీదికి వస్తుంది, పాట కూడా ఉంది. "చూపించినామె గుర్తులేదు, చూపించనామె గుర్తుంది" అన్నారొక కొత్త సభ్యుడు. అయినా ఇద్దరు ‘భోళా’ పక్షానే నిలబడ్డారు. మొదట చూసింది మనసులో కూర్చుంటుందన్న రెండో వర్గం వాదనకి ఆ మేరకు బలం ఉందని మినిట్స్‌లో రాశాం.

ఒకే కథ ఎన్నిసార్లు మారుతుందో చూడాలని ఫ్రెంచి ‘స్లీప్‌లెస్ నైట్’ (2011) చుట్టూ నాలుగు వారాలు పెట్టాం. కమల్ హాసన్ ‘చీకటి రాజ్యం’ (2015), అమెరికాలో ‘స్లీప్‌లెస్’ (2017), హిందీలో ‘బ్లడీ డాడీ’ (2023) దాని పిల్లలే. ఒరిజినల్‌లో పోలీసు మొదట్లోనే కత్తిపోటు తిని, రక్తం కారుతూనే రాత్రంతా కొడుకు కోసం క్లబ్బులో తిరుగుతాడు. నాలుగో వారానికి హాజరు బాగా పడిపోయింది. మాదకద్రవ్యాల సంచి బాత్రూమ్‌లో ఎక్కడ దాస్తారో అందరికీ కంఠతా వచ్చేసింది మరి. ‘చీకటి రాజ్యం’ ఒరిజినల్‌కి దగ్గరగా ఉండి నిలబడిందని ఎక్కువ మంది అభిప్రాయం.

మొదటి వర్గాన్ని బొత్తిగా ఇరుకున పెట్టింది మైకేల్ మాన్. 1989లో టీవీ కోసం ‘ఎల్.ఎ. టేక్‌డౌన్’ను 19 రోజుల్లో తీశాడు. అదే కథను 1995లో ‘హీట్’గా తీశాడు. పోలీసు, దొంగ ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగే సీన్ రెండింట్లోనూ ఉంది. టీవీ సినిమాలో అది మాటల మార్పిడి. ‘హీట్’లో పచీనో, డి నీరో ఒకరినొకరు ఇష్టపడుతూనే చంపుకోవడం తప్పదని చెప్పుకుంటారు. ఒరిజినల్ గొప్పదనేవాళ్ళు ఆ రోజు చేతులెత్తేశారు. తర్వాత ఒకాయన "అది రీమేక్ కాదు, చిత్తుప్రతికి సాఫు" అని తప్పించుకున్నారు. బాగుంది గానీ, అలాగైతే పుష్కర్ గాయత్రి దంపతులు తమ తమిళ ‘విక్రమ్ వేద’ (2017)ను హిందీలో మళ్ళీ తీసినది (2022) ఏ లెక్కలోకి వస్తుంది? అందులో చిత్తూ సాఫూ దాదాపు ఒకటే. రెండో సంతకం లాంటి సినిమా అది.

కొరియా ‘ఓల్డ్‌బాయ్’ (2003), అదే పేరుతో వచ్చిన అమెరికా రీమేక్ (2013) జత గురించి రాయడానికి పెద్దగా లేదు. వరండాలో సుత్తి ఫైట్ మొదటిదాంట్లో అలసిపోతూ కొట్టే మనిషిది, రెండోదాంట్లో అలవాటుపడి కొట్టే మనిషిది.

మలయాళ ‘నాయట్టు’, దాని తెలుగు రీమేక్ ‘కోట బొమ్మాళి పీఎస్’ జతకి ప్రదర్శన అనుమతి సకాలంలో రాలేదు, వచ్చే ఏడాదికి వాయిదా వేశాం. అనుమతి లేకుండా వేసేద్దామన్న సూచనను కార్యవర్గం తిరస్కరించింది. ప్రొజెక్టర్ రెండుసార్లు మొరాయించింది. రెండుసార్లూ క్లైమాక్స్‌లోనే. మరమ్మతు వివరాలు పట్టికలో ఉన్నాయి. కార్యవర్గ ఎన్నిక రాబోయే సమావేశంలో జరుగుతుంది, నామినేషన్లు ముందుగా ఇవ్వాలి. గత ఏడాది తీర్మానాన్ని ముగిసినట్టు రాయాలా, కొనసాగించాలా అన్నది కూడా అదే రోజు ఎజెండాలో ఉంది. రెండు వర్గాలూ కొనసాగించాలనే అంటున్నాయి, కారణాలే వేరు.

చివరగా, మన లైబ్రరీ నుంచి ‘సోర్సరర్’ డిస్క్ తీసుకెళ్ళిన సభ్యులు దయచేసి తెచ్చివ్వాలి. రిజిస్టర్‌లో సంతకం అర్థం కావడం లేదు.

ఇట్లు,
కార్యదర్శి