గ్యాస్ లైను మ్యాపు రైతు చేతికీ ఇవ్వాలి

సంపాదకుల వారికి నమస్కారం.

శ్రీకాకుళం–అంగుల్ సహజ వాయువు పైప్‌లైన్‌ను ప్రధాని 2025 అక్టోబరు 16న కర్నూలు సభలో జాతికి అంకితం చేశారు. ఖర్చు సుమారు రూ.1,730 కోట్లు, పొడవు మన రాష్ట్రంలో దాదాపు 124 కిలోమీటర్లు, ఒడిశాలో 298 కిలోమీటర్లు అని వార్తల్లో చూశాం. ఇండియన్ ఆయిల్ వారి పారాదీప్–హైదరాబాద్ లైను దారి కూడా ఉత్తరాంధ్ర మీదుగానే. ముందు ముందు ఇంకా వస్తాయి. లైన్లు వద్దని ఈ ఉత్తరం రాయడం లేదు. ట్యాంకర్లలో రోడ్డు మీద పోయే ఇంధనం కంటే భూమిలోంచి పోయేదే నయం. ఏ ఒక్క కంపెనీ మీదా నాకు ఫిర్యాదు లేదు. పైపు ఎక్కడ పోతుందో కంపెనీ దగ్గర సెంటీమీటర్ల లెక్కన ఉంటుంది, పొలం గల రైతుకు మాత్రం సర్వే నంబరు తప్ప ఇంకేమీ చెప్పరు. నా అభ్యంతరమల్లా దీని మీదే.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మాకు ఉన్నవి 66 అడుగుల గొలుసు, లంబం చూసే క్రాస్ స్టాఫ్, పొలాల కొలతలు రాసిన ఎఫ్ఎంబీ పుస్తకం. గొలుసు కొస పట్టినవాడు గెడ్డ దాటేటప్పుడు కాస్త వదులు చేశాడంటే అడుగో రెండడుగులో తేడా వచ్చేది. ఆ రెండడుగుల మీదే అన్నదమ్ములు కోర్టుకెక్కేవారు.

ఇప్పటి పైప్‌లైన్ సర్వే పద్ధతే వేరు. ముందు ఉపగ్రహ చిత్రాల మీద రెండు మూడు దారులు గీసి, ఊళ్లూ చెరువులూ తప్పించి ఒకటి ఖరారు చేస్తారు. దారి పొడవునా సిమెంటు దిమ్మెలు పాతి, వాటి మీద డీజీపీఎస్ అనే ఉపగ్రహ పరికరం పెట్టి ప్రతి దిమ్మె ఎక్కడుందో కచ్చితంగా తేలుస్తారు. ఆ ఆధారంతో ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్ కర్ర పట్టుకుని ఒక్క మనిషి నడుచుకుంటూ పోతే చాలు, తేడా రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. లైడార్ అయితే ఇంకా విడ్డూరం. డ్రోన్ మీంచో విమానం మీంచో వదిలిన లేజర్ కిరణాల్లో కొన్ని ఆకుల సందుల్లోంచి దిగి నేలను తాకి తిరిగొస్తాయి, జీడితోటలో చెట్టు కొట్టకుండానే కింద నేల ఎత్తుపల్లాలు తెలిసిపోతాయి. గెడ్డలు దాటేచోట వరద కోత ఎంతుంటుంది, ఏ మట్టిలో పైపుకు తుప్పు తొందరగా పడుతుంది అన్నవి కూడా ముందే చూసుకుంటారు. మా కాలంలో ఈ పరికరాలు ఉంటే ఎన్ని తగువులు తప్పేవో అనిపిస్తుంది.

కానీ ఇంత కచ్చితమైన గీతను చివరికి ఏ పటం మీద పెడుతున్నారు? మన గ్రామ పటం మీద. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి జమీందారీల కింద ఉన్న చాలా ఊళ్లలో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత గానీ రికార్డు ఒక కొలిక్కి రాలేదు. అందులో ఉన్నవన్నీ గొలుసు కొలతలు. ఆ కాగితాన్ని స్కాన్ చేసి, దొరికిన సర్వే రాళ్లను ఆనవాలుగా తీసుకుని ఉపగ్రహ చిత్రం మీద అతికిస్తారు. రాయి ఎప్పుడో ట్రాక్టరు తగిలి పక్కకు జరిగి ఉంటే పటమూ జరుగుతుంది. వంద మీటర్ల గట్టు వెంబడి పటం ఒక్క మీటరు జరిగితే వంద చదరపు మీటర్లు, అంటే దగ్గర దగ్గర రెండున్నర సెంట్లు పక్కవాడి పేరు మీదకు పోతుంది. పైపు ఉన్నచోటే ఉంటుంది, పరిహారం మాత్రం గట్టు దాటుతుంది.

1962 నాటి పెట్రోలియం పైప్‌లైన్ల చట్టం కింద భూమి కొనరు, అందులో పైపు వేసుకునే వినియోగ హక్కు మాత్రమే తీసుకుంటారు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. పంటకు, చెట్లకు జరిగిన నష్టం కట్టి, దానిపైన పైపు పోయే పట్టీ మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. ఆ తర్వాత అందులో ఇల్లు కట్టకూడదు, బావి గానీ చెరువు గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఇరవై మీటర్ల వెడల్పు పట్టీ వంద మీటర్ల పొడవున పోయిందంటే దాదాపు 49 సెంట్లు. ఎకరన్నర ఆసామికి అది మూడో వంతు. పల్లంలో వరి వేసేవాళ్లు పైపు పూడ్చాక మళ్లీ ఊడ్చుకుంటారు, వాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. గరువు భూముల, అంటే మెట్ట నేలల సంగతే వేరు. జీడి, కొబ్బరి, మామిడి, సరుగుడు తప్ప ఇంకేదీ సరిగా గిట్టని నేలలో ఇక మీదట చెట్టు పెట్టకూడదంటే, కొట్టేసిన చెట్లకు డబ్బిచ్చినా ఆ నేల వాడకమే పోయినట్టు. అందుకే తన పొలంలో గీత ఏ మూల నుంచి ఏ మూలకు పోతుందో ఉద్దానం రైతుకు ముందుగా తెలియాలి. పది మీటర్లు పక్కకు జరిపితే వరస చెట్లు మిగులుతాయని చెప్పుకునే అవకాశం అప్పుడే ఉంటుంది.

చట్టంలో ఆ అవకాశం ఉంది. వినియోగ హక్కు తీసుకోబోతున్నామని చెప్పే గెజిట్ ప్రతులు జనానికి అందుబాటులోకి వచ్చిన నాటి నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. అయితే మన జిల్లాల్లో ఎంతమంది పట్టాదారులు ఊళ్లో ఉంటున్నారు? సగం ఇళ్లకు తాళాలే. విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో పనిలో ఉన్నవాళ్లకు నోటీసు బోర్డు మీద అతికించిన కాగితం సంగతి ఎవరు చెబుతారు? కౌలుకు చేసేవాడు చూసినా అది తన పేరు మీద లేదని ఊరుకుంటాడు. తీరా పంట పోయాక ఆ డబ్బు ఎవరిదన్న తగువు.

ఒకవేళ చూసినా ఇంకో తిరకాసు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. నోటిఫికేషన్ పాత నంబరుతో వస్తే, ఊరి సాగు రికార్డు అయిన అడంగల్‌లో కొత్త నంబరు కనిపిస్తుంది. రెంటినీ కలిపి చూసుకోవడం నాలాంటివాడికే కష్టం. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు రైతులది కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం చేశారు. అందులో పైపు ఎవరి వాటాలోంచి పోతుందో పటం చూస్తే తెలియదు, నేల మీద కొలవాల్సిందే.

కొలవడానికి మనిషి లేడా అంటే ఉన్నాడు. గ్రామ సచివాలయాల్లో గ్రామ సర్వేయర్లున్నారు, రీసర్వేకు తెచ్చిన రోవర్లున్నాయి, వాటి కొలత కచ్చితంగా రావడానికి సవరణలు పంపే కోర్స్ స్టేషన్ల నెట్‌వర్కూ ఉంది. కంపెనీ తన గీత కోఆర్డినేట్లను ఆ ఊరి వరకు సచివాలయానికి ఇస్తే, గ్రామ సర్వేయరు ఒక రోజు రైతుల్ని పిలిచి వాళ్ల ఎదుటే సున్నం ముగ్గు వేసి చూపించవచ్చు. ఎవరి పొలం ముక్క వారికి, పాత నంబరూ కొత్త నంబరూ రెండూ రాసి, గట్టు నుంచి పైపు ఎన్ని మీటర్లో చూపే ఒక పేజీ స్కెచ్ ప్రింటు తీసి ఇవ్వవచ్చు. 21 రోజుల లెక్క మొదలయ్యే నాటికే ఈ పని అయిపోవాలి. ఊళ్లో లేనివాళ్లకు వాట్సాప్‌లో పంపమనండి, అదేం పెద్ద పని కాదు.

భద్రత దృష్ట్యా మ్యాపులు బయటికి ఇవ్వలేమని ఒక మాట వినిపిస్తుంది. మొత్తం లైను మ్యాపు ఎవరూ అడగడం లేదు. పైగా లైను వేశాక వాళ్లే పొలాల్లో గుర్తు స్తంభాలు పాతుతారు కదా! 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ లైను పేలి ఇరవై మందికి పైగా పోయాక, పైపు ఎక్కడుందో పక్కనున్నవాళ్లకు తెలియకపోవడం భద్రత ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు. పొలాల్లో పైపు మీద మట్టి ఒక మీటరో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. జేసీబీ బకెట్టుకు ఆ లోతు ఎంతసేపు? తవ్వే ముందు కబురు చేయడానికి కేంద్రం 2023లో యాప్ కూడా తెచ్చింది, కానీ గట్టు సరిచేయడానికి గంట లెక్కన జేసీబీ మాట్లాడుకునే రైతు ఆ యాప్ తెరుస్తాడని నేను అనుకోను.

ఇంకొకటి, భూమి కొనేవాళ్ల గురించి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే రిజిస్టరైన లావాదేవీలు కనిపిస్తాయి. వినియోగ హక్కు గెజిట్‌తో వస్తుంది కాబట్టి అందులో దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇల్లు కట్టుకుందామని పది సెంట్లు కొన్నవాడికి పునాది తీసే రోజున సంగతి తెలిస్తే ఎంత టెన్షన్? అడంగల్ రిమార్కుల్లో "పైప్‌లైన్ వినియోగ హక్కు, ఇన్ని సెంట్లు" అని ఒక్క లైను ఎక్కిస్తే ఆ బాధ తప్పుతుంది.

కొత్త పరికరాలు కొనక్కర్లేదు, కొత్త ఉద్యోగులు అక్కర్లేదు. మన ఉత్తరాంధ్ర జిల్లాల జాయింట్ కలెక్టర్లు కంపెనీల నుంచి ఊరివారీగా కోఆర్డినేట్లు తెప్పించి సచివాలయాలకు పంపితే, వచ్చే నోటిఫికేషన్ నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
సర్వే శాఖ విశ్రాంత ఉద్యోగి,
శ్రీకాకుళం జిల్లా