బొమ్మ చూసి మురిసిపోకు బావా, అంచు చూడు

ఒరేయ్ బావా,

నువ్వు కొంటానంటూ పంపిన, శాతవాహన రాజు పులుమావి వెండి నాణెం ఫోటోలు చూశాను. ఫోన్లో చెబుదామనుకున్నా గానీ, మధ్యలోనే "సరే సరే" అని పెట్టేస్తావు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. డబ్బింకా పంపలేదు కదా? ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా పంపకు.

బొమ్మలైతే సరిగ్గానే ఉన్నాయి. ఒకవైపు కుడికి తిరిగిన రాజు ముఖం, చుట్టూ బ్రాహ్మీ అక్షరాలు. రెండోవైపు ఉజ్జయిని గుర్తు (నాలుగు కొసల్లో సున్నాలున్న కూడిక గుర్తు), వంపుల కొండ, కింద మెలికల గీత. నువ్వు పుస్తకం పక్కన పెట్టుకుని పోల్చి చూసుకుని ఉంటావు. ఆ పుస్తకం దొంగ నాణెం చేసేవాడి దగ్గరా ఉంటుంది కదరా! కొనేవాడి కళ్ళు ముందు పడేది బొమ్మ మీదే కాబట్టి వాడు కష్టమంతా అక్కడే పెడతాడు. అమ్మేవాడు రెండు వైపులా అన్ని ఫోటోలు పెట్టాడే, అంచుది ఒక్కటి పెట్టాడా? నాకు అనుమానం మొదలైంది అక్కడే.

ఆ రోజుల్లో వెండి బిళ్ళను ఒక అచ్చు మీద పెట్టి, పైన ఇంకో అచ్చు ఆనించి సుత్తితో ఒక్కటిచ్చేవాళ్ళు. ఆ దెబ్బకి లోహం పక్కలకు పాకుతుంది. అంచు దగ్గర అక్కడక్కడా విచ్చుకుంటుంది. అక్షరాలు అడుగు నుంచే నిటారుగా, పదునుగా లేస్తాయి. అసలు నాణెం నుంచి మూస తీసి కరిగిన లోహం పోస్తే ఆ పదును రాదు, అక్షరాలు వాడేసిన సబ్బు బిళ్ళ మీది పేరులా మొద్దుబారతాయి. పదింతలు చూపించే భూతద్దం కింద సూదిమొనంత గుండ్రటి గుంటలు కనిపిస్తే అవి గాలిబుడగలు. మట్టిలో తిన్న గుంటలైతే ఎగుడుదిగుడుగా, ఒక్కోటీ ఒక్కో తీరుగా ఉంటాయి. ఇక అంచు చుట్టూ మూస రెండు సగాలూ కలిసిన చోట అతుకు గీత పడుతుంది. దాన్ని ఆకురాయితో అరగదీస్తారు, అప్పుడు ఆకురాయి గీతలు మిగులుతాయి. అసలు నాణెం మీది పగులు కూడా పోతలోకి దిగుతుంది గానీ లోతు ఉండదు, అడుగు పూడుకుపోయి ఉంటుంది. అంచు ఫోటో అడగమనేది ఇందుకే.

అలాగని పోత పోసిందల్లా దొంగదనుకోకు. బీర్బల్ సాహ్నీ తెలుసుగా, వృక్షశాస్త్రవేత్త? ఆయన 1936లో రోహ్‌తక్ దగ్గర ఖోఖ్రాకోట్ దిబ్బ మీద, పాతకాలపు గణరాజ్యం యౌధేయుల నాణేలు పోసిన మట్టి మూసలు కనిపెట్టాడు. అంటే అవి అసలైన పోత నాణేలే. పులుమావి వెండి మాత్రం కొట్టిన నాణెం. దాంట్లో బుడగ కనిపిస్తే ఇంకో మాట అక్కర్లేదు.

కొట్టి చేసిన నకిలీలు ఇంకా ప్రమాదం. జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ (1772–1830) గ్రీకు, రోమన్ నాణేలకు తన చేత్తో అచ్చులు చెక్కి, పాత పద్ధతిలోనే కొట్టాడు. కొత్త మెరుపు పోవడానికి వాటిని ఇనుప రజనుతో కలిపి పెట్టెలో వేసి, గుర్రపు బండిలో తిప్పేవాడని చెబుతారు. ఎంత నేర్పున్నా చెయ్యి ఒకడిదే కాబట్టి వేర్వేరు రాజ్యాల నాణేల్లో చెక్కుడు తీరు ఒకేలా వస్తే అనుమానించాలి. పోతవాటికి ఇంకో సులువైన పరీక్ష ఉంది. కవల కోసం వెతుకు. సుత్తితో కొట్టినప్పుడు బొమ్మ ఒక్కో బిళ్ళ మీద ఒక్కో పక్కకు జరుగుతుంది. గీత, సొట్ట, అంచు వంకర అన్నీ ఒకే చోట ఉన్న రెండు నాణేలు కనబడ్డాయంటే, కనీసం ఒకటి దొంగది.

బరువు సంగతికొస్తే, ఈ నాణేలు సుమారు రెండు గ్రాములుంటాయి. ముందు గాలిలో తూచు, తర్వాత సన్నటి దారానికి కట్టి నీళ్ళలో వేలాడదీసి తూచు. గాలిలో బరువును తగ్గిన బరువుతో భాగిస్తే సాంద్రత వస్తుంది: 2.100 గ్రాముల నాణెం నీళ్ళలో 0.200 తగ్గితే 10.5, అంటే దాదాపు మేలిమి వెండి. 0.240 తగ్గితే 8.75, అది రాగో ఇత్తడో అయివుండాలి. కూరగాయల త్రాసుతో ఇది కుదరదు. ఇంత చిన్న నాణేనికి మూడు దశాంశాలు చూపించే నగల త్రాసు కావాలి, నాణేనికి గాలి బుడగ అంటుకోకుండా చూసుకోవాలి. పైగా పాత వెండిలో రాగి కలిసి ఉంటుంది కాబట్టి అంకె కాస్త తగ్గినంత మాత్రాన కొట్టిపారెయ్యకు.

నల్లదనం చూసి పాతదని నమ్మొద్దు. రంగైతే అసిటోన్‌లో దిగిపోతుంది, గంధకపు మందుతో నలుపెక్కిస్తే అదీ దిగదు.

నాకెందుకింత పట్టింపో నీకు తెలుసు. తెలంగాణలోని కోటిలింగాలలో దొరికిన నాణేలే లేకపోతే గోబద, సమగోప అనే రాజులున్నారని మనకు తెలిసేదా? 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో దొరికిన 13 వేలకు పైగా క్షత్రప రాజు నహపాణుడి నాణేల్లో 9 వేలకు పైగా గౌతమీపుత్ర శాతకర్ణి మళ్ళీ తన ముద్ర కొట్టించినవి. కొత్త ముద్ర కింద పాత ముఖం అణిగిపోయి కనిపిస్తుంది. ఎవరు ఎవర్ని గెలిచారో ఆ లోహమే చెబుతోంది. అలాంటి సాక్ష్యంలోకి ఒక దొంగ నాణెం చొరబడితే, లేని రాజు కూడా చరిత్రలోకి వచ్చేస్తాడు. అందుకే ఈ వ్యాపారమంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకోటి. "పొలం దున్నుతుంటే దొరికింది" అన్నాడన్నావు. నిజంగా అలా దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి. చెప్పాడేమో అడుగు. మీ తమ్ముడికి అమెరికా పంపుదామన్నావే, అది అసలుకే కుదరదు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువే, మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదు. "ఎక్కడికైనా పంపిస్తాం" అంటున్నాడంటే ఆ నాణెం దొంగదైనా కావాలి, వాడు చేసే పని నేరమైనా కావాలి.

కాబట్టి అంచు చుట్టూ నాలుగు ఫోటోలు, మూడు దశాంశాల బరువు అడుగు. ఇస్తే వెంటనే నాకు పంపు, కవలల కోసం నేను వెతుకుతా. సాకులు చెబితే అక్కడితో వదిలెయ్. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
బావ