గడువులు పెంచితే పొగ తగ్గదు

సంపాదకులకు నమస్కారం.

బొగ్గును శుభ్రంగా మండించే టెక్నాలజీలతో కాలుష్యం తగ్గుతుందా అంటే, తగ్గుతుంది. కాకపోతే యంత్రం బిగించాలి, బిగించాక నడపాలి. మన దగ్గర పని ఆగింది అక్కడే.

పొగలోంచి గంధకం (సల్ఫర్) వాయువును తీసేసే ఎఫ్‌జీడీ యంత్రం సంగతే చూడండి. సున్నపురాయి పొడి కలిపిన నీళ్లను పొగ మీద చల్లితే సల్ఫర్ డయాక్సైడ్‌లో చాలా భాగం జిప్సంగా మారుతుంది. కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో బొగ్గు విద్యుత్ కేంద్రాల ఉద్గారాలకు పరిమితులు పెట్టి రెండేళ్ల గడువిచ్చింది. దాన్ని పెంచుకుంటూ పోయి, 2025 జులైలో నాలుగింట మూడొంతులకు పైగా యూనిట్లకు ఎఫ్‌జీడీ నుంచి మినహాయింపే ఇచ్చేసింది. ఢిల్లీ రాజధాని ప్రాంతానికి గానీ, పది లక్షల జనాభా దాటిన నగరానికి గానీ 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికే కచ్చితంగా తప్పనిసరి. పల్లెల మధ్య ఉన్న చాలా విద్యుత్ కేంద్రాలకు చిమ్నీ తగినంత ఎత్తుంటే చాలట! పల్లె జనానివి మాత్రం ఊపిరితిత్తులు కావా?

మన బొగ్గులో గంధకం తక్కువన్నది నిజమే. కానీ కరెంటు కోసం ఏటా మండించేది 70 కోట్ల టన్నుల పైమాటే. చిమ్నీ ఎత్తు పెంచితే సల్ఫర్ డయాక్సైడ్ దూరం పోతుందే తప్ప మాయం కాదు. గాలిలో సన్నటి సల్ఫేట్ ధూళిగా మారి ఎక్కడో ఒకచోట మనుషులే పీల్చుకోవాలి.

బూడిద బాధ ఇంకా దగ్గరిది. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. కరెంటుతో ధూళిని లాగే ఈఎస్‌పీ యంత్రాలు సరిగా నడిస్తే పొగలోంచి దాన్ని దాదాపు మొత్తం పట్టేస్తాయి. పట్టిన బూడిదను టార్పాలిన్ కప్పని లారీల్లో తోలితే ఏం లాభం? ఎండాకాలంలో గాలి లేస్తే బూడిద చెరువుల పక్క చేలల్లో మిరప ఆకులు తెల్లబడతాయి, ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి.

భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ విషయంలో మాత్రం ఆశలు పెంచుకోకూడదు. బాగా ఎక్కువ వేడి, ఒత్తిడి ఉన్న ఆవిరితో నడిచే సూపర్ క్రిటికల్ యూనిట్లు అదే కరెంటుకు బొగ్గు కొంత తక్కువ తింటాయి, అంతే. ఆ కొంతైనా దక్కించుకోలేదు మనం. మా జిల్లాలోనే 2018లో కొత్తగూడెంలో 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్ వచ్చింది. ఆ తర్వాత మణుగూరులో నడక మొదలుపెట్టిన నాలుగు యూనిట్లూ పాత సబ్‌క్రిటికల్ రకమే. ఇక కార్బన్‌ను పట్టి దాచడమంటారా, అందుకోసమే కట్టిన అమెరికాలోని కెంపర్ ప్లాంటు దాదాపు 750 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2017లో బొగ్గును వదిలి సహజవాయువుకు మారింది.

2025 నాటి మినహాయింపును కేంద్రం వెనక్కి తీసుకోవాలి. చిమ్నీల దగ్గరి ఆన్‌లైన్ మీటర్ల రీడింగులను చుట్టుపక్కల ప్రతి పంచాయతీ ఆఫీసు ముందు తెలుగులో బోర్డు మీద చూపించాలి. అది ఈ నెలలోనే మొదలుపెట్టొచ్చు.

– ఒక పాఠకుడు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా