చదివొచ్చే పిల్లల న్యూరాలజిస్టుకు వరంగల్‌లో పోస్టు చూపండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ఉత్తర తెలంగాణలో ఓ ప్రభుత్వ దవాఖానలో పిల్లల వార్డు చూసే డాక్టర్ని. పీడియాట్రిక్స్‌లో ఎం.డి. అయిపోయింది, ఇప్పుడు సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్‌కి చదువుతున్నాను. ర్యాంకు వస్తే పిల్లల న్యూరాలజీలో, అంటే పిల్లల మెదడు, నరాల వైద్యంలో, డి.ఎం. అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ తీసుకోవాలని ఉంది. ఈ మాట బయటికి అంటే సీనియర్లందరూ ఒకటే అడుగుతున్నారు: "తీసుకొని ఎక్కడ కూసుంటవమ్మా?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను కాదు, మీ శాఖ. అందుకే ఈ ఉత్తరం.

ఈ బ్రాంచిలోకి దారి ఎట్లా ఉంటుందో ముందు చెప్తాను. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎం.డి. మూడేళ్లు, ఆపైన డి.ఎం. ఇంకో మూడేళ్లు. నడుమ సీనియర్ రెసిడెన్సీ బాండు (ఎం.డి. తర్వాత తప్పనిసరిగా చేయాల్సిన సర్కారు కొలువు), ప్రిపరేషను, పరీక్ష వాయిదాలు. 2024 నీట్ ఎస్ఎస్ జరిగింది 2025 మార్చి ఆఖర్లో. అది కేంద్రం పని కాబట్టి దాని గురించి మీతో గొడవ పడను. పేపర్లో 150 ప్రశ్నలుంటాయి. గుండె, కిడ్నీ, నరాలు, పుట్టిన పిల్లల వైద్యం, అన్నీ కలిపి పీడియాట్రిక్స్ గ్రూపు మొత్తానికి ఒకటే పరీక్ష. ర్యాంకు వచ్చాకే బ్రాంచి. ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ లాంటి సంస్థలకు ఐఎన్ఐ ఎస్ఎస్ అనే వేరే పరీక్ష ఉంది గానీ, నాలాంటి వాళ్లలో ఎక్కువమంది భవిష్యత్తు నీట్ ఎస్ఎస్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే ఆ కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది. అప్పుడు ఇంట్లో వాళ్లు, తోటి డాక్టర్లు, బ్యాంకు లోను, అందరూ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

మా బ్యాచ్‌మేట్ ఒకరు ఇదే చదువుకు అమెరికాలో దరఖాస్తు పెట్టుకున్నారు. అక్కడి పద్ధతి పూర్తిగా వేరు. ఎంబీబీఎస్ అయ్యాక నేరుగా ఐదేళ్ల చైల్డ్ న్యూరాలజీ రెసిడెన్సీలో చేరొచ్చు: రెండేళ్లు పీడియాట్రిక్స్, మూడేళ్లు న్యూరాలజీ, అందులో ఒక ఏడాది పెద్దవాళ్ల న్యూరాలజీ. అక్కడి డాక్టర్ లైసెన్సుకు పెట్టే యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు పాసై, విదేశీ డాక్టర్ల అర్హతను ధ్రువీకరించే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ తెచ్చుకుని, ఈ బ్రాంచే ఎందుకో ఒక పేజీ రాసి, గురువుల దగ్గర సిఫారసు లేఖలు పట్టుకుని, ఇంటర్వ్యూలకు హాజరు కావాలి. ఆ తర్వాత అభ్యర్థి తనకిష్టమైన ఆసుపత్రుల వరుస ఇస్తాడు, ఆసుపత్రులు తమకు కావలసిన అభ్యర్థుల వరుస ఇస్తాయి. రెండూ కంప్యూటర్ కలుపుతుంది. మార్చిలో ఫలితం. ఈ బ్రాంచి మీద మనసున్న వాళ్లే ఆ బ్రాంచికి పోయేలా ఉంటుంది ఆ ఏర్పాటు. అట్లాగని మన దగ్గర కూడా ఇంటర్వ్యూలు పెట్టమని నేను అడగను. మన దగ్గర ఇంటర్వ్యూ అంటే ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వేలమంది ఒకటే పేపరు రాయడంలో ఉన్న న్యాయం నాకు చాలు.

ఆ దరఖాస్తులో నన్ను ఆలోచనలో పడేసింది వేరే కాగితం. జె-1 వీసా మీద అక్కడ ట్రైనింగుకు పోయే డాక్టరు, స్వదేశపు ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి ఒక లేఖ తీసుకెళ్లాలి. దాని పేరే 'స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్'. ఈ స్పెషాలిటీ డాక్టర్లు మా దేశానికి అవసరం, ట్రైనింగు అయ్యాక తిరిగి వస్తానని ఈ డాక్టరు మాకు హామీ ఇచ్చారు, అని అందులో సర్కారే రాసిస్తుంది. ట్రైనింగు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలనే షరతు కూడా ఆ వీసాకుంది. అది ఢిల్లీ ఇచ్చే కాగితమని, మీ సంతకం ఉండదని నాకు తెలుసు. కానీ పిల్లల న్యూరాలజిస్టులు మనకు కావాలని సర్కారు ముద్రతో అమెరికాకు చెప్తున్నాం కదా, మరి ఆ మనిషి రేపు కాజీపేటలో రైలు దిగి "వచ్చాను, ఎక్కడ చేరాలి?" అంటే ఏ దవాఖానకు పంపుతాం?

ఆ రెండేళ్ల షరతును అమెరికా ఎట్లా మాఫీ చేస్తుందో కూడా చూడండి. డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తానంటే, ఒక్కో రాష్ట్రం ఏటా ముప్పైమంది వరకు విదేశీ డాక్టర్లకు ఆ మాఫీ ఇప్పించుకోవచ్చు. వాళ్ల మారుమూల ఊళ్ల కోసం మన డాక్టర్లను ఆపుకునే దారి వాళ్లు చట్టంలోనే పెట్టుకున్నారు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. ముందుచూపు అంటే అదే కదా అనిపించింది.

ఇక్కడ ఈ బ్రాంచిని చివరి ఆప్షన్లలోకి ఎందుకు నెడతారో చెప్తాను. హన్మకొండలో పిల్లల నర్సింగ్‌హోం పెట్టాలంటే నియోనాటాలజీ, అంటే పుట్టిన పిల్లల వైద్యం, చదివినవాళ్లకు గిరాకీ. ఎన్ఐసీయూలో (పుట్టిన పిల్లల ఐసీయూలో) వార్మర్లు, వెంటిలేటర్లు ఉంటాయి, రోజు చార్జీలు ఉంటాయి, ఆసుపత్రి నడుస్తుంది. పిల్లల న్యూరాలజీలో అట్లాంటిదేమీ లేదు. ఒక్కో బిడ్డకు ముప్పావు గంట పడుతుంది. తల్లి కాన్పు దగ్గర నుంచి అడగాలి, బిడ్డను నేల మీద ఆడించి చూడాలి, ఫోన్లో తీసిన వీడియో చూడాలి, ఆఖరికి రాసేది ఒక సిరప్పో రెండు మాత్రలో. ఓపీ ఫీజు మీద బతకాల్సిన బ్రాంచి ఇది. కాబట్టి ప్రైవేటు దీన్ని వరంగల్ దాకా తేదు. పెద్ద నగరంలో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి అయితే తప్ప వాళ్ల లెక్క కుదరదు. సర్కారు జీతమిచ్చి కూర్చోబెడితేనే ఉత్తర తెలంగాణకు ఈ వైద్యం వస్తుంది. నా ఉత్తరంలో అసలు మాట ఇదే, మిగతాదంతా దీనికి సాక్ష్యం.

సాక్ష్యానికి ఒకే జబ్బు చెప్తాను. ఐదారు నెలల పసిబిడ్డ. నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి, చేతులు చాచి, ఒక్కసారి ముడుచుకుంటాడు. కొన్ని సెకన్లకు మళ్లీ. వరసగా పది, ఇరవై సార్లు. తల్లి వచ్చి చెప్పే తీరు ఎప్పుడూ ఇట్లాగే ఉంటుంది: "పోరడు ఉలిక్కిపడుతుండు మేడం, కడుపునొప్పి అన్నరు, గాలి సోకిందని తాయత్తు గూడ కట్టిచ్చినం." అది ఉలికిపాటు కాదు, ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్ అనే మూర్ఛ. అప్పటిదాకా నవ్వే బిడ్డ నవ్వడం మానేస్తాడు, మెడ నిలిపినవాడు నిలపడం మరుస్తాడు. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీస్తే చాలాసార్లు చిత్తుగా గీకినట్టు గీతలు కనిపిస్తాయి, దాన్నే హిప్సారిథ్మియా అంటారు. మందు ఏసీటీహెచ్ ఇంజెక్షనో, ఎక్కువ మోతాదులో ప్రెడ్నిసలోన్ మాత్రలో, విగాబాట్రినో. ప్రెడ్నిసలోన్ ఏ మందుల షాపులోనైనా దొరికే చవకైన మాత్ర. రెండు వారాల్లో పనిచేస్తుందో లేదో తెలిసిపోతుంది. కానీ బీపీ చూస్తూ, ఇన్‌ఫెక్షన్లు రాకుండా కాస్తూ ఇవ్వాలి. ఇక్కడ రోజులకు విలువుంది. ఎంత ఆలస్యమైతే ఆ బిడ్డ మెదడు ఎదుగుదల అంత దెబ్బతింటుంది.

ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతోంది? ఏటూరునాగారం నుంచి వరంగల్ రావడానికే దాదాపు వంద కిలోమీటర్లు. ఇక్కడ అనుమానం వచ్చి హైదరాబాద్‌కు రాసిస్తే ఇంకో నూట నలభై పైన. ఈఈజీకి బిడ్డ నిద్రలో ఉంటే మంచిది, అందుకే రాత్రి సరిగా పడుకోనివ్వకుండా తీసుకురమ్మంటారు. ఆ తల్లి రాత్రంతా బిడ్డను మేల్కొలిపి తెల్లారి బస్సెక్కుతుంది. బస్సు కదలగానే బిడ్డ హాయిగా పడుకుంటాడు. ఉప్పల్‌లో దిగేసరికి నిద్ర తీరిపోయి, ఈఈజీ గది ముందు కేరింతలు కొడుతుంటాడు. మళ్లీ ఇంకో తారీఖు. కూలి పోయింది, చార్జీలు పోయాయి, రెండో తారీఖుకు కొందరు రారు. మళ్లీ వాళ్లను చూసేది రెండు మూడేళ్ల తర్వాత, సదరం క్యాంపులో, వైకల్య సర్టిఫికెట్ కోసం. పింఛను ఇవ్వడంలో సర్కారు మనసు పెద్దదే. ఆ పింఛను అవసరం లేకుండా చేయగలిగిన డాక్టరుకు పోస్టు ఇవ్వమంటున్నాను.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలామటుకు ప్రమాదం లేనివి, వయసుతో పోయేవి. ఒకసారి అట్లా వచ్చినందుకు ఏళ్ల తరబడి ఫిట్స్ సిరప్ తాగుతున్న పిల్లలు మా ఓపీకి వస్తూనే ఉంటారు. మందు ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలదు. "ఇది అక్కర్లేదు, ఆపేయండి" అని ధీమాగా చెప్పడానికి కూడా చదువుకున్న మనిషి కావాలి. ఈ బ్రాంచిలో సగం పని అదేనని నా అభిప్రాయం.

ఇది అరుదైన జబ్బుల గోల అనుకోవద్దు. దేశంలో ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మీద చేసిన సర్వే ఒకటి 2018లో వచ్చింది. ఆ ఐదింటిలో మన హైదరాబాద్ ఒకటి. మూర్ఛ, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, వినికిడి, చూపు, చదువులో వెనకబాటు లాంటివన్నీ కలిపి చూస్తే దాదాపు 12 శాతం మంది పిల్లల్లో కనీసం ఒకటి ఉంది. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) టీములు అంగన్‌వాడీలకు, బడులకు తిరిగి ఎదుగుదల లోపాలున్న పిల్లల్ని గుర్తిస్తున్నాయి. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేట, అన్నిచోట్లా ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి. గుర్తించే చేతులు పెరిగాయి. ఆ చేతులు చీటీ రాసి పంపే చోటు ఇంకా హైదరాబాదే.

వరంగల్‌నే ఎందుకంటున్నానో మీకు వేరే చెప్పక్కర్లేదు. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నాటిది. రాష్ట్రంలోని చాలా మెడికల్ కాలేజీలకు డిగ్రీలిచ్చే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్నది ఈ ఊళ్లోనే. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021లో పునాది పడింది. అంత ఎత్తు భవనంలో పిల్లల న్యూరాలజీకి పెద్ద జాగా అక్కర్లేదు: ఒక ఓపీ గది, ఒక ఈఈజీ గది, పిల్లల వార్డులో కొన్ని పడకలు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు. వీటన్నిటికంటే ముందు, ప్రొఫెసర్, అసోసియేట్, అసిస్టెంట్ పోస్టులు. పోస్టు ఉంటేనే సర్కారు వైద్య నియామకాలు చేసే ఎంహెచ్ఎస్ఆర్‌బీ బోర్డు నోటిఫికేషన్‌లో ఆ పేరు కనబడుతుంది. ఆ పేరు కనబడితేనే కౌన్సెలింగ్‌లో కూర్చున్న పిల్లల డాక్టరు ధైర్యంగా ఈ బ్రాంచి మీద నొక్కుతుంది.

డి.ఎం. సీట్లు అడగాలంటే ముందు అర్హతున్న ఫ్యాకల్టీ ఉండాలని అంటారు. ఫ్యాకల్టీ రావాలంటే ఎవరో ఎక్కడో డి.ఎం. చదివి ఉండాలి. ఈ చిక్కు ముడి విప్పడానికి మొదటి బ్యాచ్‌ను మనమే పంపుకోవాలి. సర్వీసులో ఉన్న పీడియాట్రిషియన్లలో సీటు తెచ్చుకున్నవాళ్లను జీతంతో సెలవిచ్చి ఎక్కడ సీటొస్తే అక్కడికి పంపండి. తిరిగొచ్చాక వరంగల్‌లోనే ఇన్నేళ్లు పనిచేయాలని బాండు రాయించుకోండి. బాండు అంటే మా డాక్టర్లకు ఒళ్లు మంట, నిజమే. కానీ ఆ బాండులో పోస్టు పేరు, ఊరి పేరు, చేరే తేదీ ఉంటే సంతకం పెట్టే మొదటి మనిషిని నేనే. తమిళనాడు తన సర్కారు కాలేజీల్లో సూపర్ స్పెషాలిటీ సీట్లలో సగం సర్వీసు డాక్టర్లకు ఉంచుకుంది, 2022లో సుప్రీంకోర్టులో కూడా ఆ రాష్ట్రం మాటే నిలిచింది. వరంగల్‌లో సీట్లు వచ్చిన రోజున మీరూ అట్లాంటి వాటా పెట్టొచ్చు. డి.ఎం. ఆలస్యమవుతుందనుకుంటే నేషనల్ బోర్డు ఇచ్చే డి.ఆర్.ఎన్.బి. పిల్లల న్యూరాలజీ కోర్సు ఉంది, దానికి దరఖాస్తు పెట్టించండి.

ఇదంతా కావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు చేయగలిగింది ఒకటుంది. వరంగల్‌లో శిక్షణ పొందిన ఈఈజీ టెక్నీషియన్‌ను పెట్టి, తీసిన రికార్డును ఆన్‌లైన్లో హైదరాబాద్ న్యూరాలజిస్టుకు పంపి అదే రోజు చదివించే ఏర్పాటు చేయండి. విగాబాట్రిన్, ఏసీటీహెచ్ జిల్లా మందుల స్టోరులో ఉంచండి. బస్సులో నిద్రపోయిన బిడ్డకు ఈఈజీ వరంగల్‌లోనే అవుతుంది, మందు ఆ సాయంత్రమే మొదలవుతుంది.

కొత్త ఆసుపత్రి పోస్టుల జాబితా ఆర్థిక శాఖ ఆమోదానికి వెళ్లేటప్పుడు అందులో పిల్లల న్యూరాలజీ విభాగం ఉండేలా చూడమని, ఆ జీవో నంబరు బయటపెట్టమని కోరుతున్నాను. ఈసారి కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు దానికోసం చూసేవాళ్లలో నేనూ ఉంటాను.

భవదీయురాలు,
ఉత్తర తెలంగాణలో ఓ ప్రభుత్వ పిల్లల డాక్టరు