మెడకు రాసుకునే నూనె సీసాకు చీటీ అక్కర్లేదా?

అయ్యా,

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో అగరు నూనె గురించి అరపేజీ వేశారు. నిద్ర పడుతుందట, చర్మం మెరుస్తుందట. ఎంత రాసుకోవాలో, దేంట్లో కలుపుకోవాలో ఒక్క ముక్క లేదు. అది చదివే మా కోడలు బజారుకెళ్లి చిన్న సీసా కొనుక్కొచ్చి, నాలుగు చుక్కలు నేరుగా మెడకు పట్టించుకుంది. తెల్లారేసరికి చెవి కింద నుంచి భుజం దాకా ఎర్రటి దద్దుర్లు, చీర అంచు తగిలినా మంట. డాక్టరు మందు రాశాక కూడా తగ్గడానికి వారం దాటింది.

ఆ సీసా నా ముందే ఉంది. బంగారు రంగు కాగితం మీద 'అసలైన ఊద్' (అగరుకే మరో పేరు) అనే రెండు మాటలు తప్ప ఏమీ లేదు. తయారుచేసినవారి చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, అందులో కలిపినవేమిటి అన్నవి ఉండి తీరాలని 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలు చెబుతున్నాయి. అడిగేవాళ్లేరీ?

అస్సాం వైపు పెరిగే అగరు చెట్టుకు గాయమై, బూజు సోకితే, దాన్ని తట్టుకోవడానికి చెట్టు లోపల ఊరే జిగురుతో మాను నల్లబడుతుంది. ఆ చేవనే బట్టీ పెట్టి నూనె తీస్తారు. గాయపడని మానులో ఆ పరిమళమే ఉండదు. అడవుల్లో ఈ చెట్టు తరిగిపోతోందనే 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. అలాంటి సరుకు రెండొందల రూపాయలకు ఎలా వస్తుంది? ఆ సీసాలో ఏ రసాయనం పోశారో ఎవరికి తెలుసు?

ఫిర్యాదు చేద్దామని ఒక ఆఫీసుకెళితే 'మాది కాదు, మందులవాళ్లది' అన్నారు. అక్కడికెళితే 'అత్తరు మందు కాదు కదమ్మా' అన్నారు. పాలైనా, కారమైనా, పసుపైనా ఇదే తంతు. పండగల ముందు నాలుగు దుకాణాల్లో తనిఖీలు, పేపర్లో ఫొటోలు, ఆ తర్వాత ఏడాదంతా నిద్ర. జనం ఒంటిమీద ఏం రాసుకుంటున్నారో చూడాల్సిన బాధ్యత ఎవరిదో తేల్చడానికి కూడా మనిషి కాళ్లరిగేలా తిరగాలా?

మీరు వదిలేసిన మాటలు నేను రాస్తున్నాను, దయచేసి వేయండి. చెంచాడు నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో ఒక్క చుక్క చాలు. ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒక రోజు ఆగి చూడాలి. కళ్ల దగ్గర, పుండ్ల మీద వద్దు. లోపలికి అసలే పుచ్చుకోకూడదు. గర్భిణులు డాక్టరును అడక్కుండా వాడొద్దు, పసిపిల్లలకు రాయొద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లున్న ఇంట్లో తలుపులు మూసి అగరు పొగ వేయకూడదు. పొరపాటున పిల్లలు తాగితే వాంతి చేయించకుండా, సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తాలి.

సీసా, రసీదు రెండూ దాచి ఉంచాను. ఏ అధికారి అడిగినా ఇస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విజయవాడ