పెద్ద బైకు సరే, పాలసీ చదివారా?

సంపాదకులకు,
తిరుపతిలో 650 సీసీ బైకులు ఇప్పుడు మామూలైపోయాయి, కొనేటప్పుడు కుర్రాళ్లు అడిగేది మాత్రం పికప్, ఈఎంఐ, అంతే. 2022లో ఖరారు చేసిన రేటు ప్రకారం 350 సీసీ దాటిన కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ప్రీమియమే, పన్ను కాక, 15,117 రూపాయలు. అదంతా ఎదుటివాళ్ల నష్టానికే, మన బండికి పైసా రాదు. మన బండి నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజీ పాలసీ ఉన్నా, జీరో డిప్రిసియేషన్ (అరుగుదల పేరుతో కోత పెట్టని అదనపు కవర్) తీసుకోకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం మనమే పెట్టుకోవాలి. మా తమ్ముడి బండి మలుపులో జారితే ఫెయిరింగ్ (బండి పైనుండే ప్లాస్టిక్ తొడుగు) చీలిపోయి ఇండికేటర్ వైరుకు వేలాడింది, బీమా కంపెనీ సర్వేయర్ వచ్చి ముందు చూసింది మాత్రం మార్పించిన సైలెన్సర్‌నే (ఆ మోత వీధికంతా తెలుసు లెండి). షోరూముల వాళ్లు సంతకం పెట్టించుకునే ముందే ఇవన్నీ తెలుగులో విడమరిచి చెప్పేలా అధికారులు చూడాలి.
- ఒక పాఠకుడు, తిరుపతి