ఏఐ సంగతి తర్వాత, ముందు పిల్లల వీపు చూసేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన వారం మీ హెల్త్ పేజీలో స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకి వంకరపోవడం) రీసెర్చ్ మీద వచ్చిన ఐటమ్ చదివి అప్పుడే రాద్దామనుకున్నా, కోపం తగ్గాక రాద్దాంలే అని ఆగా, తగ్గలేదు. ఎక్స్‌రే చూసి వెన్ను ఎన్ని డిగ్రీలు వంగిందో ఏఐ క్షణాల్లో చెప్పేస్తుందని సగం పేజీ రాశారు. పక్కనే బాక్స్ కట్టి, స్కూల్ బ్యాగుల బరువు వల్లే ఇదంతా అని తేల్చేశారు! బ్యాగు మోస్తే నడుం నొప్పి రావచ్చు, దానికి నేనూ ఒప్పుకుంటా. కానీ టీనేజిలో వచ్చే ఈ వంకరకి చాలామందిలో కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, జీన్స్‌లో వెతుకుతున్నారు, జపాన్ వాళ్ళు 2011లోనే ఎల్‌బీఎక్స్1 అనే జీన్ దగ్గర లింకు పట్టుకున్నారు. మా పాపకి వచ్చినప్పుడు చుట్టాలంతా ఇదే పాట, బ్యాగు మోయించారు, ఫోన్ ఇచ్చారు అని. ఇప్పుడు పేపర్ వాళ్ళూ అదే అంటే ఇంక వాళ్ళకి నేనేం చెప్పను.

అసలు రాయాల్సింది వదిలేశారండీ. 2013లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో బ్రేయిస్ట్ అనే స్టడీ వచ్చింది, అమెరికా, కెనడాల్లో 25 సెంటర్లలో చేశారు. వంకర పెరగకుండా ఒంటికి బిగించే బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం మందికి ఎదుగుదల పూర్తయ్యేదాకా వంకర 50 డిగ్రీలకి చేరలేదు, ఊరికే చూస్తూ వదిలేసిన వాళ్ళలో అది 48 శాతమే. తేడా అంత స్పష్టంగా ఉందని స్టడీని మధ్యలోనే ఆపేశారు. రోజుకి 13 గంటలు, ఆపైన వేసుకున్న వాళ్ళకైతే 90 శాతం పైమాటే. కానీ అది ఎదిగే వయసులో వేస్తేనే, తర్వాత వేసి లాభం లేదు. మరి ఆ వయసులో కనిపెట్టేదెవరు? అమెరికా నిపుణుల కమిటీ వాళ్ళు 2004లో స్క్రీనింగ్ (ఏ ఇబ్బందీ లేకపోయినా పిల్లలందరి వీపూ ముందే చూడటం) వద్దన్నారు, 2018కి వచ్చేసరికి చెయ్యాలో వద్దో చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు, హాంకాంగ్‌లో మాత్రం 1995 నుంచి స్కూలు పిల్లలకి చూస్తూనే ఉన్నారు. మన దగ్గర 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో 30 రకాల సమస్యలు చూస్తామన్నారు, ఆ లిస్టులో స్కోలియోసిస్ లేనే లేదు. క్యాంపులో బరువు, ఎత్తు, కళ్ళు చూసి, ఫోటో దిగి, బండెక్కి వెళ్ళిపోతారు. పిల్లని ముందుకి వంగమని వీపు ఒక వైపు ఉబ్బిందేమో చూడటానికి ఏ మిషనూ అక్కర్లేదు, నేర్పిస్తే పీఈటీ సారే చూస్తారు. కానీ మా పాప చదివిన స్కూల్లో ఆ సారుని లెక్కల క్లాసులకి, బస్సుల డ్యూటీకి వాడుకుంటారు, గ్రౌండ్‌లోనేమో కార్లు పార్కింగ్. ఫీజులు మాత్రం ఇంటర్నేషనల్. అడిగితే పేరెంట్స్ మీటింగ్‌లో మాట్లాడదాం అంటారు, ఆ మీటింగ్‌లో ర్యాంకులు తప్ప ఇంకోటి మాట్లాడనివ్వరు.

ఇంకో విషయం, ఆ ఐటమ్ కిందే వెన్నుని నిటారుగా చేసే బెల్ట్ అని యాడ్ వేశారు, ఎంఆర్‌పీ మీద సగం తగ్గింపట! పేపర్లో పైన రీసెర్చ్, కింద బెల్ట్, జనం ఏది నమ్మాలి? బ్రేస్ అంటే పిల్ల ఒంటికి కొలతలు తీసి చేసేది, ఈ బెల్టులకీ దానికీ సంబంధం లేదు. వచ్చే హెల్త్ పేజీలో బ్యాగుల బాక్స్ తప్పని వేసి, ఇంట్లో తల్లిదండ్రులు పిల్లల వీపు ఎలా చూడాలో ఒక బొమ్మ వెయ్యండి. ఆ బెల్ట్ యాడ్‌కి ఇచ్చినంత జాగా చాలు.

— ఒక తండ్రి, ఖమ్మం